నా బరువు, నా అబద్ధం
(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1985 పదో తరగతి బ్యాచ్ తరఫున నన్ను "ఇంజనీరుగా నా అనుభవాలు" అనే విషయం మీద మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్లుగా గోదావరి కాలువల మీద, లాకుల మీద, తూముల మీద తిరిగినవాణ్ణి. ఆ కబుర్లు మొదలుపెడితే మీకు భోజనాలు దొరకవు. అందుకని కార్యదర్శి గారి అనుమతి తీసుకుని విషయం మార్చుకున్నాను. ఈరోజు నా పొట్ట గురించి మాట్లాడతాను. నవ్వితే నవ్వండి, ఫర్వాలేదు. ఈ బడిలో నా పొట్టను చూసి నవ్వనివాళ్లు ఎవరున్నారు గనక!

పదో తరగతిలో ఒకరోజు మనవాళ్లు కొందరు నన్ను బియ్యం మిల్లుకు తీసుకెళ్లి కాటా ఎక్కించారు. 75 కిలోలు. మన జిల్లాలో ధాన్యం బస్తా కూడా సరిగ్గా 75 కిలోలే. ఆ రోజు నుంచి నా పేరు "బస్తా". ఖోఖోలో నన్ను ఏ జట్టూ తీసుకునేది కాదు గానీ, తాడు లాగే పోటీ పెడితే మాత్రం రెండు జట్లూ నా కోసం కొట్టుకునేవి. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వకపోతే ఇంకా ఏడిపిస్తారని నవ్వేవాణ్ణి. లావుగా ఉన్నవాడికి చిన్నప్పుడే అబ్బే మొదటి విద్య అది.

2011 నాటికి నాకు 41 ఏళ్లు, బరువు 128 కిలోలు. ఎత్తు 170 సెంటీమీటర్లు. అంటే బి.ఎం.ఐ. 44. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. రాత్రి నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందని మా ఆవిడ లేచి కూర్చుని నన్ను కుదిపేది. పస్తులున్నాను, కషాయాలు తాగాను, సాయంత్రం భోజనం మానేశాను. ప్రతిసారీ పది కిలోలు తగ్గేవాణ్ణి, ఏడాది తిరిగేసరికి పన్నెండు పెరిగేవాణ్ణి.

అయినా ఆపరేషన్ దాకా వెళ్లడానికి కారణం షుగరూ కాదు, బీపీ కూడా కాదు. ఒక ఇనుప నిచ్చెన.

కాలువ కట్టేసిన రోజుల్లో ఒక రెగ్యులేటరు కింద మరమ్మతు పని జరిగింది. కొలతలు నేను స్వయంగా సరిచూడాలి. నిచ్చెన సన్నది, మెట్లు ఇరుకు. నా ఒళ్లు చూసి మా కుర్ర ఇంజనీరు, "మీరెందుకు సార్, నేను దిగుతాను" అన్నాడు. వాడు దిగి కొలతలు చెప్పాడు. నేను గట్టు మీదే నిలబడి కొలతల పుస్తకంలో సంతకం పెట్టాను. నేను చూడని కొలత మీద, చూసినట్టు సంతకం! కుర్రాడు మంచివాడు కాబట్టి ఆ కొలతలు సరైనవే అయ్యాయి. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ నెలలోనే హైదరాబాదు వెళ్లి డాక్టరును కలిశాను.

నాకు వేసింది గ్యాస్ట్రిక్ బ్యాండ్. అదేమిటో క్లుప్తంగా చెబుతాను. సిలికోన్‌తో చేసిన ఒక ఉంగరం లాంటిది. పొట్ట మీద చిన్న చిన్న రంధ్రాలు చేసి, కెమెరాలో చూస్తూ, జీర్ణాశయం పైభాగం చుట్టూ దాన్ని తొడుగుతారు. ఉంగరం పైన చిన్న సంచి, కింద మిగిలిన జీర్ణాశయం. ఉంగరం లోపలి అంచున చిన్న గొట్టపు బెలూన్ ఉంటుంది. దాని నుంచి ఒక సన్నని గొట్టం చర్మం కింద అమర్చిన పోర్టు దాకా వస్తుంది. ఆ పోర్టులోకి సూదితో సెలైన్ ఎక్కిస్తే ఉంగరం బిగుసుకుంటుంది, తీసేస్తే వదులవుతుంది. పైసంచి చిన్నది కాబట్టి నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టు ఉంటుంది. ఇంజనీరు భాషలో చెప్పాలంటే నా పొట్టకు ఒక షట్టరు బిగించారు.

ఆపరేషన్ కంటే ఆ తర్వాతి రోజులే కష్టం. రెండు వారాలు పూర్తిగా ద్రవాలు: పలచని మజ్జిగ, పప్పుకట్టు, వడగట్టిన సూపు. ఆ తర్వాత కొన్ని వారాలు మెత్తగా చిదిమినవి. గట్టి ఆహారం నోట్లో పెట్టేసరికి నెలన్నర దాటింది. అప్పుడు మొదటిసారి సెలైన్ ఎక్కించారు. నేను నేర్చుకోవలసిన సూత్రాలు నాలుగే: చిన్న ముద్ద, బాగా నమలడం, నిదానంగా తినడం, తినేటప్పుడు నీళ్లు తాగకపోవడం. రెండో తరగతి పిల్లవాడికైనా అర్థమవుతాయి. అమలు చేయడమే కష్టం. అన్నం సరిగా నమలకపోతే ఉంగరం దగ్గర ముద్దకట్టి ఆగిపోయేది. గుండెల మీద బండ పెట్టినట్టుండి, నోట్లో జిగురు ఊరి, తిన్నది తిన్నట్టే బయటికి వచ్చేది.

ఏడాదిన్నరలో 128 నుంచి 92కు వచ్చాను. షుగరు మాత్రలు సగం తగ్గాయి. మా ఆవిడకు నిద్ర పట్టింది. నిచ్చెన దిగాను.

ఇక అసలు విషయానికి వస్తాను.

2013 సంక్రాంతికి మా బ్యాచ్ వాళ్లందరం ఈ ఆవరణలోనే కలిశాం. మీలో చాలామంది ఉన్నారు. నన్ను గుర్తుపట్టలేకపోయారు. "ఒరేయ్ బస్తా, ఎలా తగ్గావురా?" అని అందరూ చుట్టూ మూగారు. నాకు బడిలో ఎప్పుడూ దక్కని గౌరవం ఆ రోజు దక్కింది. ఆ సంబరంలో ఒక మాట అన్నాను: "ఏముందిరా, పొద్దున్నే లేచి గంట నడక, రాత్రికి రాగిజావ. మనసులో గట్టిగా అనుకుంటే చాలు."

నడిచిన మాట నిజం. జావ తాగిన మాట నిజం. ఆపరేషన్ సంగతి మాత్రం చెప్పలేదు. ఆపరేషన్ అంటే సులువు దారి అంటారని, తిండి ఆపుకోలేక కోయించుకున్నాడంటారని భయం. అలా అరనిజం చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను.

ఆ అబద్ధం ముందు నన్నే దెబ్బతీసింది. ఆపరేషన్ సంగతి ఎవరికీ తెలియదు కాబట్టి, పెళ్లిళ్లలో అందరిలాగే తినాల్సి వచ్చేది. మన ప్రాంతంలో విస్తరి ముందు "చాలు" అంటే వింటారా? భీమవరంలో ఒక పెళ్లిలో మాటల్లో పడి రెండు ముద్దలు పులిహోర గబగబా మింగేసి, షామియానా వెనక్కి పరుగెత్తాను. వియ్యాలవారు వంట బాగోలేదేమోనని కంగారుపడ్డారు. ఆ తర్వాత ఉపాయం కనిపెట్టాను. అన్నం, మాంసం అడ్డుపడతాయి గానీ పూతరేకులు అడ్డుపడవు. నోట్లోనే కరిగిపోతాయి. ఐస్‌క్రీం, పాయసం, జ్యూసు జారిపోతాయి. షట్టరు గట్టివాటిని ఆపుతుంది గానీ కరిగిపోయేవాటిని ఆపలేదు. ఆఫీసులో చిరాకు పడిన రోజు రాత్రి అర డజను పూతరేకులు తినేవాణ్ణి. ఆ ఆకలి పొట్టలోది కాదని నాకూ తెలుసు.

డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేశాను. వెళితే ఎందుకు వెళ్లావని ఎవరైనా అడుగుతారని ఒక భయం, కాటా ఎక్కమంటారని ఇంకో భయం. మూడేళ్లలో బరువు 92 నుంచి 114కు చేరింది. రాత్రి పడుకుంటే పుల్లటి నీళ్లు గొంతులోకి వచ్చి దగ్గు. చివరికి 2016లో వెళ్లాను. బేరియం తాగించి ఎక్స్‌రే తీశారు. ఉంగరం పైన ఉండాల్సిన చిన్న సంచి బెలూన్‌లా సాగిపోయి ఉంది. షట్టరు దగ్గర నీళ్లు పోకుండా పైన నిలిచిపోతుంటే ఏమవుతుందో మా శాఖలో లస్కరుకైనా తెలుసు. ముందు దెబ్బతినేది పైగట్టే. నేను కక్కుతూ, మింగుతూ మూడేళ్లు ఆ గట్టును సాగదీశాను.

డాక్టరు గారు తిట్టలేదు. మూడేళ్లు ఎందుకు రాలేదని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు. సెలైన్ మొత్తం తీసేసి కొన్ని వారాలు ఖాళీగా వదిలేశారు. అదృష్టం కొద్దీ సంచి మళ్లీ దగ్గరికి వచ్చింది. అందరికీ అలా రాదు. బ్యాండ్ జారిపోయి, లేదా జీర్ణాశయం గోడలోకి కోసుకుపోయి తీసేయాల్సి వచ్చినవాళ్లు ఉన్నారు. నాకు మళ్లీ కొద్దికొద్దిగా బిగించారు. డైటీషియన్ నాతో ఒక పుస్తకం పెట్టించారు. ఏం తిన్నానో మాత్రమే కాదు, ఎందుకు తిన్నానో కూడా రాయాలి. మొదటి నెల చూసుకుంటే సగం చోట్ల "కోపం", "విసుగు" అని ఉన్నాయి. "ఆకలి" అన్నమాట తక్కువ.

ఈసారి ఇంట్లో, ఆఫీసులో అందరికీ చెప్పేశాను. విస్తరి ముందు కూర్చోగానే "నాకు ఆపరేషన్ అయింది, కొంచెమే వడ్డించండి" అనడం అలవాటు చేసుకున్నాను. ముందు గుడ్డో, చేపో, పప్పో, తర్వాత కూర, చోటు మిగిలితే అన్నం. ఒక్కో భోజనానికి అరగంట. తిన్న అరగంటకు గానీ నీళ్లు లేవు. పూతరేకులు మానలేదు. పండక్కి ఒకటి, అందరి ముందూ కూర్చుని తింటాను. రెండేళ్లలో 97కు వచ్చాను. ఈరోజు 95. లెక్క ప్రకారం నేనింకా లావుపాటివాణ్ణే. అయినా నిచ్చెన దిగగలను.

రెండో దెబ్బ నాకు తగిలింది కాదు. 2013లో నా మాట విన్నవాళ్లలో మా బ్యాచ్ మిత్రుడు ఒకడున్నాడు. అప్పటికి వాడి బరువు నాకంటే ఎక్కువ, షుగరూ ఎక్కువే. నా మాట నమ్మి ఏడాది పాటు రోజూ గంట నడిచాడు, రాత్రి జావ తాగాడు. నాలుగు కిలోలు తగ్గి, మోకాళ్లు పట్టేసి మంచమెక్కాడు. ఆ తర్వాత అన్నీ వదిలేశాడు. ఫోనులో ఒకసారి, "నీకున్న పట్టుదల నాకు లేదురా" అన్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

2019లో షుగరు వల్ల పుండు మానక వాడి కాలి వేలు ఒకటి తీసేశారు. చూడటానికి వెళ్లాను. మంచం పక్కన కూర్చుని చొక్కా పైకెత్తి మచ్చలు చూపించాను. పోర్టు ఉన్నచోట వాడి వేలు పెట్టి నొక్కించాను. జరిగిందంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే నేను చేతకానివాణ్ణి కాదన్నమాట" అన్నాడు.

వేలు పోయిందని ఏడవనివాడు ఆ మాట అంటూ ఏడ్చాడు. ఆరేళ్లు వాడు మోసిన బరువులో కొంత నేను పెట్టింది.

వాడు ఆపరేషన్ చేయించుకోలేదు. వాడికి మందులు, ఇన్సులిన్, తిండి క్రమం సరిపోతాయని వాళ్ల డాక్టరు అన్నారు. షుగరు అదుపులో ఉంది. ఈరోజు ఈ సభలోనే ఉన్నాడు. "ఎక్కడ అబద్ధం చెప్పావో అక్కడే నిజం చెప్పు" అన్నది వాడే. వాడి అనుమతితోనే ఈ సంగతి చెబుతున్నాను.

నేను డాక్టర్ని కాను, ఎవరినీ ఆపరేషన్‌కు పంపడానికి రాలేదు. ఇప్పుడు నాకు వేసిన లాంటి బ్యాండ్లు బాగా తగ్గిపోయాయి. జీర్ణాశయంలో ఎక్కువ భాగం తీసేసే స్లీవ్, దారి మళ్లించే బైపాస్ ఎక్కువగా చేస్తున్నారు. ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. ఏది ఎవరికి పనికొస్తుందో తేల్చాల్సింది వైద్యులు. నేను చెప్పదలచింది రెండు మాటలే. ఏ దారిలో వెళ్లినా అది మొదలు మాత్రమే, తర్వాత జీవితాంతం చూపించుకుంటూ ఉండాలి. రెండోది, మీరు తగ్గితే ఎలా తగ్గారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దాచిన సగాన్ని నమ్మి పక్కవాడు నడుస్తాడు.

గురువులకు ఒక విన్నపం. ఇప్పటికీ ప్రతి తరగతిలో ఒక "బస్తా" ఉంటాడు. వాడు కూడా నవ్వుతుంటాడు. ఆ నవ్వును నమ్మకండి.

మన లెక్కల మాస్టారు రబ్బరు వాడనిచ్చేవారు కాదు. లెక్క తప్పితే దాని మీద ఒక్క గీత గీసి, పక్కన సరైనది వేయాలి. తప్పు ఎక్కడ జరిగిందో కనబడాలి అనేవారు. ఉద్యోగంలో చేరాక చూస్తే మా కొలతల పుస్తకానికీ అదే నియమం. చెరపకూడదు, కొట్టేసి, సరిదిద్ది, పక్కన పొడి సంతకం పెట్టాలి. 2013లో ఈ ఆవరణలో నేను రాయించిన కొలత తప్పు. ఈరోజు దాన్ని కొట్టేసి, మీ అందరి ముందూ పక్కన సంతకం పెడుతున్నాను.

ఇంక భోజనాలకు వేళయింది. నా పక్కన కూర్చునేవాళ్లు అరగంట ఓపిక పట్టాలి. వడ్డించేవాళ్లు నా విస్తట్లో పూతరేకు ఒక్కటే వేయాలి.