నాడి పట్టిన డాక్టరు, నడుమ ఆపిన వైద్యం



మర్రి చెన్నారెడ్డి 1941లో ఉస్మానియాలో ఎంబీబీఎస్ చదివిన డాక్టరు. వైద్యం విడిచి, 1952లో వికారాబాద్ నుంచి గెలిచి హైదరాబాద్ రాష్ట్ర మంత్రి అయ్యారు. 1969లో విద్యార్థులు తూటాలకు నేలకొరిగిన వేళ తెలంగాణ ప్రజా సమితి పగ్గాలు పట్టారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో 14 సీట్లకు 10 ఇచ్చి జనం తీర్పు చెప్పారు. అదే ఏడాది సమితిని కాంగ్రెస్‌లో కలిపేశారు. 1978లో ఆంధ్రప్రదేశ్‌కే ముఖ్యమంత్రి అయ్యారు. రోగమెరిగిన డాక్టరే వైద్యం నడుమ ఆపితే రోగి ఎవరికి చెప్పుకోవాలె?

ఆయన సమర్థతను మేం కాదనం. కానీ రాష్ట్రం 2014 జూన్ 2న గాని రాలేదు. ఊరేగింపుల్లో నడిచిన మేం నేర్చుకున్నదొక్కటే: ఓటు నాయకునికి వేద్దాం, ఉద్యమాన్ని మాత్రం రాసియ్యొద్దు.

జై తెలంగాణ!