రిలీవింగ్ ఆర్డరు కోసం పోరాడిన ఆటగాడు

(సంఘం నెలవారీ సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి మాట్లాడుకునే వేదిక మీద రష్యా హాకీ ఆటగాడి గురించి చెబుతానంటే కార్యదర్శిగారు నావైపు అదోలా చూశారు. పది నిమిషాలు ఓపిక పట్టండి. ఇదీ మన సర్వీసు విషయమే.

మా అబ్బాయి అమెరికాలో డెట్రాయిట్ దగ్గర ఉంటాడు. మేము అక్కడున్న చలికాలంలో గడప దాటే వీలు లేక, మనవడి పక్కన కూర్చుని మంచు మీద ఆడే హాకీ చూడటం అలవాటయింది. మన ధ్యాన్‌చంద్ ఆడిన హాకీకి దీనికి పేరే పోలిక. గోలీతో కలిపి జట్టుకు ఆరుగురు. కాళ్లకు స్కేట్లు, బంతికి బదులు నల్లని రబ్బరు బిళ్ల. వెనుక ఉండే ఇద్దరిని డిఫెన్స్ ఆటగాళ్లంటారు. మన ఫుల్ బ్యాకుల లాంటివాళ్లన్నమాట. వాళ్లలో మేటి వ్యాచెస్లావ్ ఫెతీసొవ్. మనవడు చూపించిన "రెడ్ ఆర్మీ" అనే 2014 నాటి డాక్యుమెంటరీలో ఆయన కథే ప్రధానం.

ఫెతీసొవ్ 1958లో మాస్కోలో పుట్టాడు. సైన్యం వారి సీఎస్‌కేఏ క్లబ్బులో పెరిగాడు. అంటే ఆటగాడే కాదు, సైన్యంలో ఉద్యోగి కూడా. మన విశాలాంధ్ర దుకాణంలో చౌకగా సోవియట్ పుస్తకాలు కొనుక్కున్న తరం మనది. ఆ దేశం వైభవంగా చూపుకున్నవాటిలో ఈ జట్టు ఒకటి. 1980 ఒలింపిక్స్‌లో అమెరికా కుర్రవాళ్ల చేతిలో 4-3తో ఓడి వెండి పతకంతో తిరిగొచ్చినా, 1984లోనూ 1988లోనూ బంగారమే. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో ఫెతీసొవ్‌కు ఏడు బంగారు పతకాలున్నాయి. బిళ్లను ముందుకు బాది దాని వెంట పరుగెత్తడం వాళ్ల పద్ధతి కాదు. అవసరమైతే వెనక్కి ఇచ్చి, మళ్లీ అల్లుకుంటూ వెళ్లేవారు. ఆ అల్లిక వెనుక నుంచి మొదలుపెట్టేది ఫెతీసొవే.

అయితే ఆ వైభవానికి చెల్లించిన వెల కూడా చూడాలి. శిక్షకుడు విక్టర్ తీఖొనొవ్ ఏడాదిలో ఎక్కువ కాలం ఆటగాళ్లను శిబిరంలోనే ఉంచేవాడు. పెళ్లాంపిల్లల దగ్గరికి వెళ్లాలన్నా అనుమతి కావాలి. 1985లో ఫెతీసొవ్ నడుపుతున్న కారు ప్రమాదానికి గురై, పక్కనున్న తమ్ముడు అనతోలీ చనిపోయాడు. ఆ తమ్ముడూ హాకీ ఆటగాడే. ఆ దుఃఖాన్ని మోసుకుంటూనే అతడు మళ్లీ మంచు మీదికి వచ్చాడు.

అమెరికాలోని న్యూజెర్సీ జట్టు 1983లోనే తన జాబితాలో అతని పేరు రాసుకుంది. 1988 ఒలింపిక్స్ అయ్యాక పంపిస్తామని పైవాళ్లు మాట ఇచ్చారు. తరువాత ఫైలు కదలలేదు. విదేశాలకు వెళ్లినప్పుడు జారుకోవడం అతనికి కష్టం కాదు. కాని అతడు దొంగదారి పట్టలేదు. రాజీనామా చేసి, పత్రికలో బహిరంగంగా విమర్శించి, రాజమార్గాన వెళ్తానని కూర్చున్నాడు. జట్టులోంచి తీసేశారు. రక్షణమంత్రి యాజొవ్ పిలిపించి బెదిరించాడని ఫెతీసొవ్ తరువాత చెప్పాడు.

ఇక్కడే నా మనసు పట్టుకున్న ఘట్టం ఉంది. 1989 వసంతంలో లారియొనొవ్ మొదలైన సహచరులు టీవీకి వెళ్లి, ఫెతీసొవ్ లేకుండా ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆడబోమన్నారు. యంత్రాంగం దిగివచ్చింది. అతడు స్టాక్‌హోంలో ఆడి, బంగారం గెలిచి, ఆ ఏడాదే 31వ ఏట న్యూజెర్సీలో చేరాడు. జీతంలో సింహభాగం ప్రభుత్వ సంస్థకు అప్పజెప్పాలన్న షరతుకూ ఒప్పుకోలేదు. చాలా ఏళ్ల జోడీ కసతొనొవ్ మాత్రం ఆ కష్టకాలంలో అతని పక్కన నిలబడలేదు. తమాషా ఏమిటంటే, అదే సీజనులో అతడూ న్యూజెర్సీకే వచ్చాడు. ఒకే జట్టు, ఒకే గది, అయినా చాలాకాలం మాటల్లేవు.

మిత్రులారా, కసతొనొవ్‌ను తప్పుపట్టే అర్హత నాకు లేదు. నేను సర్వీసులో ఉండగా ఒక సహోద్యోగికి బదిలీ ఉత్తర్వు వచ్చినా నెలల తరబడి రిలీవ్ చెయ్యలేదు. ఆయన తల్లి మంచంలో ఉంది. నలుగురం కలిసి వినతిపత్రం ఇద్దామంటే, నా ఇంక్రిమెంటుకు ఏం ముప్పు వస్తుందోనని సంతకం పెట్టలేదు. ఆయన వెళ్లేసరికి ఆ తల్లి లేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఇవాళ ఆయనా లేరు.

మిగతా కథ త్వరగా చెబుతాను. ఫెతీసొవ్ 1995లో డెట్రాయిట్‌కు మారాడు. శిక్షకుడు స్కాటీ బౌమన్ ఐదుగురు రష్యన్లను ఒకేసారి దించి ఆ పాత అల్లికకు ప్రాణం పోశాడు. 1997లో స్టాన్లీ కప్పు గెలిచినప్పుడు కెప్టెన్ ఐజర్‌మన్ దాన్ని ముందుగా ఫెతీసొవ్‌కు అందించాడు. అతడు ఒంటరిగా ఊరేగలేదు. లారియొనొవ్‌ను పిలిచి, ఇద్దరూ కలిసి పట్టుకుని మైదానం చుట్టారు. ఆరు రోజులకే కారు ప్రమాదం. ఫెతీసొవ్ స్వల్ప గాయాలతో బయటపడ్డాడు. కాన్‌స్టాంటినొవ్ అనే డిఫెన్స్ ఆటగాడు, జట్టు మసాజ్ నిపుణుడు మ్నత్సకానొవ్ మాత్రం మళ్లీ మామూలు మనుషులు కాలేకపోయారు. ఆ ఆగస్టులో కప్పు మొదటిసారి మాస్కో చూసింది. 1998లో మళ్లీ గెలిచినప్పుడు కప్పును చక్రాల కుర్చీలో ఉన్న కాన్‌స్టాంటినొవ్ ఒడిలో పెట్టి, సహచరులు కుర్చీ తోసుకుంటూ మంచు మీద తిప్పారు. ఆ దృశ్యం దగ్గర మా ఆవిడ కళ్లు తుడుచుకుంది.

ఫెతీసొవ్ అదే ఏడాది 40వ ఏట రిటైరయ్యాడు. 2002 నుంచి 2008 వరకు దేశ క్రీడల శాఖను నడిపాడు, ఆపై పార్లమెంటుకూ వెళ్లాడు. ఆ రాజకీయాలు వేరే కథ. మనకు హుషారు కలిగించే ముక్క ఒకటుంది. 2009 డిసెంబరులో తన పాత క్లబ్బుకు ఆటగాడు కొరతపడితే, 51వ ఏట స్కేట్లు కట్టి ఒక్క మ్యాచ్ ఆడాడు!

పతకాలు గూట్లో ఉంటాయి. మనకోసం ఎవరు నిలబడ్డారు, మనం ఎవరికోసం నిలబడ్డాం అన్నది మాత్రం మనసులో ఉంటుంది. మన సంఘంలో కుటుంబ పెన్షను కాగితాలు కదలక తిరుగుతున్న సోదరీమణులున్నారు. వచ్చే సోమవారం వారి వెంట ఆఫీసుకు వెళ్లడానికి నా పేరు మొదట రాసుకోమని కార్యదర్శిగారిని కోరుతున్నాను. ఈసారి సంతకం పెడతాను.