చెఱకు అని వెతికితే దొరికింది!

ఈరోజు ఒకే ఒక్క అక్షరం గురించి మాట్లాడుకుందాం. బండి ఱ. "అదింకా ఉందా బ్రో?" అంటారు కదా, నేనూ అలాగే అనుకున్నాను. నా పరువు తీసేదాకా!

మాది ఉయ్యూరు. పంచదార ఫ్యాక్టరీ ఊరు. చెఱకు బళ్ళ వెనకాల పరిగెత్తి గడలు లాక్కుని పెరిగిన బ్యాచ్ మేము. మా తాతయ్య వ్యవసాయం లెక్కలన్నీ నోటు పుస్తకాల్లో రాసేవారు. ఆయన పోయాక అక్క వాటిని ల్యాప్‌టాప్‌లో టైప్ చేసింది, ఆయన ఎలా రాస్తే అలాగే. ఆ ఫైలు నా ఫోన్‌లో ఉంది.

మొన్న కౌలు లెక్క దగ్గర మాట వచ్చింది. "కాలవ గట్టు చేలో తాతయ్య ఏ ఏడు చెరకు వేశారో చూడరా" అన్నాడు బాబాయ్. చెరకు అని కొట్టాను. సున్నా! "ఆ చేలో అసలు వెయ్యలేదు బాబాయ్" అన్నాను, చాలా కాన్ఫిడెంట్‌గా.

మా నాయనమ్మ ఊరుకోలేదు. "వెయ్యకపోవడమేంట్రా? మీ నాన్న పెళ్ళి ఆ చెఱకు డబ్బుల్తోనే కదా!" అని పాత పుస్తకం తెప్పించి పేజీ తీయించింది. చూస్తే తాతయ్య రాసింది చెఱకు. బండి ఱతో. నేను వెతికింది మామూలు రతో.

ఎందుకు దొరకలేదంటే, కంప్యూటర్‌కి అక్షరం ఆకారం తెలీదు, శబ్దం తెలీదు. దానికి తెలిసింది నంబరే. యూనికోడ్‌లో ర నంబరు 0సి30. ఱ నంబరు 0సి31. పక్కపక్క ఇళ్ళే, కానీ డోర్ నంబర్లు వేరు. సెర్చ్ నంబర్లు పోల్చి చూసిందంతే. "ఇవి రెండూ ఒకటేలే" అని ఎవరైనా ముందే చెప్పి ఉంచితే తప్ప దానంతట అదే సర్దుకోదు.

ఇది మన ఒక్కళ్ళ గొడవే కాదు. రష్యన్ వాళ్ళ సిరిలిక్ లిపిలో ఒక అక్షరం అచ్చం ఇంగ్లిష్ చిన్న "ఎ"లా ఉంటుంది. కంటికి తేడా తెలీదు. ఇంగ్లిష్ దాని నంబరు 0061, రష్యన్ దాని నంబరు 0430. దీన్ని వాడుకునే కొందరు మోసగాళ్ళు బ్యాంకు పేరులాగే కనిపించే దొంగ లింకులు తయారుచేస్తారు. అక్కడ కన్ను మోసపోతుంది. మా ఇంట్లో చెవి మోసపోయింది.

మరి ఱ టైప్ చెయ్యడం ఎలా? కంప్యూటర్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టుకుంటే "జె" కీ నొక్కితే ర, షిఫ్ట్ పట్టుకుని అదే కీ నొక్కితే ఱ. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో అయితే ఇంగ్లిష్‌లో సున్నా, సి, మూడు, ఒకటి కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కండి. ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్ళకి ఎక్కువగా మామూలు ర వచ్చేస్తుంది. తెలుగు అక్షరాలున్న కీబోర్డుకి మారి వెతకండి. కొన్నిట్లో ర మీద నొక్కి పట్టుకోవాలి, కొన్నిట్లో షిఫ్ట్ నొక్కాలి.

"ఈ కాలంలో ఎందుకు బ్రో, అన్నీ రగా మార్చేస్తే పోలా?" అనకండి. పాత తెలుగులో ఏరు అంటే ఎద్దులు కట్టిన నాగలి, ఏరువాకలో ఉన్నది అదే. ఏఱు అంటే నది. మార్చేస్తే నాగలి, నది ఒకటైపోతాయి.

అందుకే మేం తాతయ్య రాత ముట్టుకోలేదు. ప్రతి పేజీ కింద ఇప్పటి స్పెల్లింగ్ కూడా చేర్చాం, అంతే. ఇప్పుడు ఎలా వెతికినా దొరుకుతుంది. బాబాయ్ లెక్కా తేలింది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఉత్తరాలు, పద్దు పుస్తకాలు ఉంటే ఒకసారి తీసి చూడండి. బండి ఱ కనిపిస్తే ఆ మాట కామెంట్‌లో పెట్టండి. కాపీ పేస్ట్ వద్దు, మీరే టైప్ చెయ్యాలి! మళ్ళీ కలుద్దాం.