వెన్న పరీక్ష తొట్టిలో నీళ్ళు కాగకపోతే
(జగ్గయ్యపేట, నందిగామ ప్రాంత పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక చలికాలం మా సంఘంలో పెద్ద తగాదా వచ్చింది. 7 శాతం వెన్న వచ్చే గేదె పాలకు 6.7, 6.8 చూపసాగింది. రైతులు కార్యదర్శిని అనుమానించారు. పాలలో నీళ్ళు కలుస్తున్నాయని కార్యదర్శి రైతులను అనుమానించాడు. చివరికి ఎవరో తొట్టిలో థర్మామీటరు పెట్టి చూస్తే 48 డిగ్రీలే ఉంది. తప్పు మనుషులది కాదు, హీటరుది.

గెర్బర్ పరీక్షలో 10 మి.లీ. ఆమ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. అమైల్ ఆల్కహాలు కలిపి యంత్రంలో తిప్పిన గొట్టాన్ని 65 డిగ్రీల నీటిలో ఉంచి, వెన్న గీత చదవాలి. నీరు చల్లగా ఉంటే వెన్న సరిగా తేరదు, గీత తగ్గుతుంది. ఆ నష్టం పాలు పోసినవారిది.

మా తొట్టిలో ఎలిమెంట్లు రెండు. ఒకటి కాలిపోయినా ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. అందుకే ఎవరికీ తట్టలేదు. మనది సున్నపురాతి నేల. బోరు నీరు కాగిన కొద్దీ ఎలిమెంటు మీద తెల్లని పెంకు కడుతుంది. వేడి నీటిలోకి పోక లోపలి తీగ కాలుతుంది.

నీరు కాగకపోతే వరుసగా ఇలా చూడండి.

మొదట ఓల్టేజి. 230 ఓల్టుల దగ్గర 1000 వాట్లిచ్చే ఎలిమెంటు 180 ఓల్టుల దగ్గర సుమారు 610 వాట్లే ఇస్తుంది. అప్పుడు లోపం ఎలిమెంటుది కాదు. పరీక్షకు ఇంకా ముందుగా స్విచ్ వేయాలి.

తరువాత ప్లగ్గు ఊడదీసి, తొట్టి చల్లారాక, తీగలు బిగించిన చోట్లు చూడండి. వదులైనా, నల్లబడినా శుభ్రం చేసి బిగించాలి.

ఆపైన తీగలు విప్పి, ఎలిమెంటు రెండు కొసల మధ్య మల్టీమీటరు పెట్టండి. 1000 వాట్లదైతే సుమారు 53 ఓములు చూపాలి. ఏమీ చూపకపోతే అది కాలిపోయినట్లే. ఎలిమెంటు బాగుంటే థర్మోస్టాటును అనుమానించాలి.

ఒక కొసకూ పైగొట్టానికీ మధ్య కరెంటు దారి ఉండనే కూడదు. ఉంటే ఆ ఎలిమెంటును పారవేయండి. నీటిలో చెయ్యి పెడితే జివ్వుమన్న తొట్టిని ఒక్క పూట కూడా వాడవద్దు. ఎర్తు తీగ సంగతి ఎలక్ట్రీషియనుకు చూపించండి.

పెంకును కత్తితో గీకకండి. నిమ్మ ఉప్పు కలిపిన వేడి నీటిలో నానబెడితే కరుగుతుంది. ఎలిమెంటు నీటిలో పూర్తిగా మునగందే స్విచ్ వేయకండి.

మా సంఘం కొత్త ఎలిమెంటు వేయించింది. కానీ ఆ రోజుల్లో తగ్గిన పాయింట్లకు లెక్క తేల్చలేకపోయాము. ఆ డబ్బు తిరిగి రాలేదు. అందుకే మా మనవి ఒక్కటే: తొట్టి పక్కన థర్మామీటరు వేలాడదీయండి. పరీక్షకు ముందు దానిని చూపమని అడగడం సభ్యుల హక్కు. చూపడం కార్యదర్శికి గౌరవమే గాని అవమానం కాదు.