చేరుటకు ముందు చూచివచ్చుట

(వార్షిక మహాసభయందలి విద్యా సమావేశమున చేయబడిన ఉపన్యాసము)



విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు మమ్ము నాజ్ఞాపించిరి. విద్య యొక్క మహిమను ఈ వేదికపై ఏటేట పెద్దలు చెప్పుచునే యున్నారు. మీరును వినుచునే యున్నారు. కావున ఆ స్తోత్రమును విడిచి, మిక్కిలి చిన్నదిగా గనుపడు నొక పనినిగూర్చి మనవి చేయ దలచితిమి. మన పిల్లలు ఏ కళాశాలలో, ఏ విశ్వవిద్యాలయములో చేరవలెనో నిశ్చయించుటకు ముందు ఆ స్థలమునకు స్వయముగా పోయి చూచి రావలయును. మా విన్నప మింతియే.

ఇదియు నొక ఉపన్యాసమా యని కొందరు నవ్వవచ్చును. నవ్వుడు. కాని ఎద్దును కొనవలసివచ్చిన సంతకు పోయి, పండ్లు లెక్కించి, నాలుగడుగులు నడిపించి చూతుము. పిల్లకు సంబంధము కుదుర్చునపుడు వరుని యింటి బావిలో నీరు తీపియో ఉప్పో కూడ విచారింతుము. బిడ్డ మూడు నాలుగేండ్లు నివసింపవలసిన చోటును మాత్రము సెల్లుఫోనులోని బొమ్మను చూచి నిశ్చయించుచున్నాము.

ఇప్పటి ప్రవేశపద్ధతి మీలో పెక్కురకు తెలిసినదే. పరీక్షలో ర్యాంకు వచ్చిన పిమ్మట కౌన్సెలింగునందు ‘వెబ్ ఆప్షన్లు’ అని కళాశాలల పేర్లను వరుసగా నింపవలయును. అందులకు దొరకు గడువు కొలది దినములే. నెట్ సెంటరులో కూర్చుండి, ప్రక్కవాడు చెప్పిన వరుసనే తమ వరుసగా నొక్కి వచ్చు కుటుంబములు మనలో నెన్నియో కలవు. 2022 మొదలు కేంద్ర విశ్వవిద్యాలయముల డిగ్రీ తరగతులకు సి.యు.ఇ.టి. యను పరీక్షయు వచ్చినందున దూరదేశపు పేర్లు కూడ పిల్లల యెదుట నిలిచినవి. పేర్లు పెరిగినవి గాని, కన్నులతో చూచుట పెరుగలేదు.

మనవారి బాలు డొకని సంగతి చెప్పెదము. అతడు చేరిన కళాశాల పేరు ఇచట అనవసరము. ఏజెం టొకడు ఇంటికి వచ్చి రంగుల పుస్తక మిచ్చెను. అందులో లేబొరేటరీ యున్నది, తెల్లకోట్లు ధరించిన విద్యార్థులున్నారు, పచ్చిక బయళ్లున్నవి. తండ్రి అరయెకరము నమ్మి మొదటి సంవత్సరపు రుసుము చెల్లించెను. చేరిన పిదప చూడగా లేబొరేటరీ తలుపునకు తాళము; ప్రయోగములన్నియు నల్లబల్లమీదనే జరుగుచుండెను. విడిచిపోయెద నన్నచో, మిగిలిన యేండ్ల రుసుము గూడ చెల్లించినగాని సర్టిఫికేట్లు ఇయ్యమనిరి. విద్యార్థుల అసలు సర్టిఫికేట్లను నిలిపి యుంచరాదని యు.జి.సి.వారు 2018లోనే ప్రకటన చేసియున్నారు. ఆ తండ్రి కది తెలియదు, చెప్పువారును లేకపోయిరి. ఆ బాలు డిప్పుడు ఒక దుకాణములో లెక్కలు వ్రాయుచున్నాడు. ఆ తాళము అతడు చేరుటకు ముందు దినమున గూడ తలుపుననే వ్రేలాడుచుండెను గదా!

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు శాశ్వత భవనములు కట్టింప దలచినపుడు నిజాము ప్రభుత్వమువారు ఏమిచేసిరో వినుడు. సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగు అను ఇద్దరు వాస్తుశిల్పులను దేశాంతరములకు పంపి, అచటి విశ్వవిద్యాలయములను చూచి రమ్మనిరి. ఆ పిమ్మటనే బెల్జియము దేశపు శిల్పియగు జాస్పరుగారిని నియోగించిరి. 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల భవనము నేటికిని చూపరుల నాకర్షించుచున్నది. కట్టువారే సముద్రములు దాటి చూచివచ్చిరి. చేరువారు రైలులో ఒక రాత్రి ప్రయాణమునకు వెనుదీయనేల?

గత సంవత్సరము మేము పదునొకండ్రు బాలబాలికలను, వారి తండ్రులలో కొందరిని వెంటబెట్టుకొని వాల్తేరునకు పోయితిమి. 1926లో బెజవాడయందు జనించి 1930లో అచటికి చేరిన ఆంధ్ర విశ్వవిద్యాలయమును చూపుట మా యుద్దేశము. మొదటి గంటలోనే ఒక చిక్కు బయలుపడెను. ఎచటికి పోయినను తండ్రులే ముందు నిలిచి ‘ఫీజెంత? ఉద్యోగము వచ్చునా?’ యని అడుగుచుండిరి. పిల్లలు వెనుక నిలిచి చెప్పులను చూచుకొనుచుండిరి. తుదకు తండ్రులను ఒక చెట్టునీడను కూర్చుండబెట్టి, టీ తెప్పించి, పిల్లలను విడిగా పంపితిమి. ఇది యెల్లరు పాటింపదగిన ఉపాయము.

తెలుగు మాధ్యమమున చదివిన యొక బాలిక పరిశోధక విద్యార్థినిని సమీపించి, ‘ఇచట పాఠములు ఆంగ్లమున జరుగును గదా, నేను నిలువగలనా?’ యని యడిగెను. ఆమెయు తెలుగు బడినుండియే వచ్చినదట. మొదటి ఆరునెలలు కష్టమనియు, ఎట్టి పుస్తకములను ముందుగా చదువవలెననియు, రాత్రి ఎన్ని గంటలు కూర్చుండవలెననియు విప్పి చెప్పెను. పిమ్మట బాలిక హాస్టలు నీటిని గూర్చి, సాయంకాలము ద్వారము మూయు వేళను గూర్చి తానే విచారించెను. జిల్లా దాటి కూతును పంపనని అంతకుముందు ఖండితముగా పలికిన ఆమె తండ్రి ఇవి యన్నియు విని యేమియు ననలేదు. తిరుగు ప్రయాణమున రైలులో, హాస్టలు ఖర్చు నెల కెంతయగునని మమ్మడిగెను.

వి. యస్. కృష్ణ గ్రంథాలయమున ఒక బాలుడు పుస్తకములను విడిచి, చదువుకొనుచున్నవారి ముఖములనే చూచుచుండెను. ఏమి నాయనా యనగా, ‘వీరును మావంటివారేనండీ’ యనెను. ఆ మాట ఏ రంగుల పుస్తకమునందును దొరకదు.

పోవువారు సెలవుదినమున పోరాదు. తోరణములు కట్టిన ఉత్సవ దినమునను పోరాదు. తరగతులు జరుగుచుండగా, మెస్సులో భోజనము వడ్డించు వేళకు పోవలెను. కార్యాలయమువారు చెప్పునది వినుడు గాని, రెండవ సంవత్సరపు విద్యార్థులు చెప్పునది అంతకంటె శ్రద్ధగా వినుడు. లేబొరేటరీ పరికరములపై దుమ్మున్నదా, మరుగుదొడ్లలో నీరున్నదా, శాశ్వతోపాధ్యాయు లెందరు, ర్యాగింగు జరిగిన ఫిర్యాదు ఎవరికి చేయవలెను — ఇవి అడుగుటకు సిగ్గుపడరాదు. కొన్ని సంస్థలు విశ్వవిద్యాలయమను పేరు పెట్టుకొనియు పట్టా ఇచ్చు అధికారము లేనివై యున్నవి. అట్టివాని జాబితాను యు.జి.సి.వారు ప్రకటించుచుందురు. దానిని బయలుదేరుటకు ముందే చూచుకొనిన దారిఖర్చు మిగులును.

దారిఖర్చనగానే అసలు విషయమునకు వచ్చితిమి. జయపురాధీశ్వరులు విక్రమదేవవర్మగారు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఏటేట లక్షరూపాయల దాన మేర్పరచిరి. మే మంత కోరుట లేదు. విద్యార్థివేతనముల నిధినుండి కొంత వేరుపరచి, ఇంటర్మీడియెటు రెండవ సంవత్సరపు పేదపిల్లలకు రానుపోను చార్జీలు, ఒకపూట భోజనము ఇయ్యవలెనని కోరుచున్నాము. బాలికతో తల్లియో మేనత్తయో వచ్చినచో ఆమె చార్జీయు ఇయ్యవలెను. చూచి రానివారికి వేతనము నిరాకరింపవలెనని కొందరు మిత్రు లనుచున్నారు. అది మాకు సమ్మతము గాదు. లేనివానిని లేమికై శిక్షించుట యగును. ముందుగా చేతికిచ్చి పంపుడు, వారే పోవుదురు. బస్సు కట్టించిన యెడల మిగిలిన చోట్లను మన ఊళ్లలోని యితర కులముల పేదపిల్లల కిచ్చుట కభ్యంతర ముండరాదని గూడ తీర్మానమున చేర్పవలెనని మా ప్రార్థన.

తీర్మానపు ప్రతి కార్యదర్శిగారి కడ నున్నది. చందాల పుస్తకము కోశాధికారిగారి బల్లమీద నున్నది. భోజనపు గంట మ్రోగుటకు ఇంకను అరగంట వ్యవధి కలదు.