గొంతులో చల్లని మెరుపు



నిరుడు మన బడిలో ఒక అమ్మాయి నా బల్ల దగ్గరకు వచ్చి మెల్లగా అడిగింది: "టీచరుగారూ, నా గొంతులో మెరుపు పెడతారట. కాలదా?"

ఆమెకు టాన్సిల్స్ తీయాలని వైద్యుడు చెప్పాడు. ఇంటిలో నాయనమ్మ "కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందట" అని సామెత చెప్పింది. పాపం, ఆ పిల్లకు రెండు రాత్రులు నిద్ర లేదు. ఆనాడు ఆమెకు చెప్పిన జవాబే నేడు మీకూ చెబుతాను.

అద్దం ముందు నోరు తెరిస్తే కొండనాలుకకు ఇరుప్రక్కలా కనిపించే చిన్న ముద్దలే టాన్సిల్స్. అవి మాటిమాటికీ వాచినా, నిద్రలో ఊపిరికి అడ్డం వచ్చినా తీసివేస్తారు.

ఇక మెరుపు సంగతి. వాయువుకు విద్యుచ్ఛక్తి గట్టిగా తగిలితే దాని పరమాణువుల నుండి ఎలక్ట్రానులు విడిపోతాయి. ఈ స్థితికి 1928లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ లాంగ్‌ముయిర్ 'ప్లాస్మా' అని పేరు పెట్టాడు. మన మారిషస్‌లో వేసవి వానలప్పుడు మెరిసే మెరుపు ప్లాస్మాయే. ట్యూబులైటులో వెలిగేదీ ప్లాస్మాయే. మెరుపు చెట్టును కాల్చివేస్తుంది. ట్యూబులైటు మీద చేయి పెడితే కాలదు. ఎందుచేత?

దీపావళినాడు కాకరపువ్వొత్తి వెలిగిస్తారు కదా! దాని రవ్వ ఎంతో వేడిది. అయినా చేతిమీద పడితే చీమ కుట్టినంతే, ఎందుకంటే అది నలుసంత. (తీగను మాత్రం ముట్టుకోకండి సుమా!) చల్లని ప్లాస్మాలోనూ ఇంతే. తేలికైన ఎలక్ట్రానులు మాత్రమే మహా వేడిగా పరుగెత్తుతాయి. బరువైన కణాలు చల్లగానే ఉంటాయి.

వైద్యుడు మత్తు ఇచ్చి, పెన్నువంటి కడ్డీని గొంతులోనికి పంపుతాడు. దాని కొనవద్ద ఉప్పునీరు కారుతుంటుంది. విద్యుత్తు ప్రసరించగానే ఆ నీరు పలుచని ఆవిరిపొరగా మారి, అందులో ప్లాస్మా వెలుగుతుంది. ఉప్పులోని సోడియం వలన ఆ వెలుగు పసుపుగా ఉంటుంది. అది సోకిన చోట టాన్సిల్‌లోని అణువుల బంధాలు తెగి, చిన్న చిన్న వాయువులుగా విడిపోతాయి. విద్యుత్తుతో కాల్చి కోసే పాత పద్ధతిలో వేడి 400 డిగ్రీలు దాటుతుంది. ఇక్కడ 40 నుండి 70 డిగ్రీలే. మనం ఊదుకొని త్రాగే టీ కూడా ఇంచుమించు అంతే.

"అయితే నొప్పే ఉండదా?" అంది.

పిల్లలకు అబద్ధం చెప్పడం నాకు ఇష్టం లేదు. నొప్పి ఉంటుంది. ఒక్కొక్కరికి తరువాత రక్తం కూడా వస్తుంది. 2003-04లో ఇంగ్లండు, ఉత్తర ఐర్లండులలో ముప్పైమూడు వేల మందికి పైగా రోగులను పరిశీలించారు. నూటికి ముగ్గురు నలుగురికి అలా రక్తం వచ్చింది. మామూలు ఉక్కు పనిముట్లతో తీసినవారిలో అది తక్కువ. ప్లాస్మాతో తీసినవారిలో ఎక్కువ! కొత్త పనిముట్టుకు చేయి అలవాటు పడాలి మరి. అందుకే, "నీ వైద్యుణ్ణి అడుగు, ఇలాంటివి ఎన్ని చేశారని" అన్నాను. ఆ పిల్ల నిజంగానే అడిగిందట!

రెండు వారాల తరువాత బడికి వచ్చింది. "మింగలేక ఏడ్చాను టీచరుగారూ. కాని మెరుపును చూడనేలేదు, నిద్రపోయాను" అంది. దాని విచారమంతా అదే.