డబ్బా మీద రంగు చూసి చేలో అడుగు పెడదాం

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపులు, వాయిదాల లెక్కలు ఇప్పటిదాకా విన్నాం. మేము ఇంకో లెక్క చెబుతాం. మనలో చాలామందిమి పత్తి, మిరప చేలల్లో పని చేస్తాం. స్ప్రేయరు మగవాళ్ల భుజాన ఉంటుంది, నిజమే. కానీ నీళ్లు మోసేది, మందు కలపడానికి సాయం పట్టేది, తర్వాత అదే చేలో కలుపు తీసేది, మందు పడిన బట్టలు ఉతికేది మనమే.

కిందటి మిరప పంటప్పుడు మా సంఘం సభ్యులు ఇద్దరు కలుపు తీస్తూ కళ్లు తిరిగి పడిపోయారు. ఆసుపత్రిలో డాక్టరు గారు మొదట అడిగింది, "ఏ మందు కొట్టారు?" అని. వెంట వెళ్లిన ఎవరికీ తెలియదు. మనిషిని పంపి డబ్బా తెప్పించేసరికి రెండు గంటలు పట్టింది. ఇద్దరూ కోలుకున్నారు. ఆ తర్వాత నుంచి మా నెల సమావేశంలో మందు డబ్బాతో వచ్చే కాగితం చదువుకుంటున్నాం.

1971 నాటి పురుగుమందుల నిబంధనల ప్రకారం ప్రతి డబ్బా మీద గాలిపటం ఆకారంలో ఒక గుర్తు ఉండాలి. దాని కింది సగంలో రంగు ఉంటుంది. ఎరుపు అయితే అత్యంత విషం, పైన పుర్రె బొమ్మ కూడా ఉంటుంది. పసుపు అయితే చాలా విషం. నీలం మధ్యరకం. ఆకుపచ్చ తక్కువ విషం. చదువు రాని అక్క కూడా రంగు చూసి చెప్పగలదు.

ఎంత మోతాదు లోపలికి పోతే ప్రాణం పోతుందో చూసి ఈ రంగు పెడతారు. ఏళ్ల తరబడి కొంచెం కొంచెం ఒంట్లోకి పోతే ఏమవుతుందో రంగు చెప్పదు. అందుకే ఆకుపచ్చ అని నిర్లక్ష్యం చేయొద్దు. పారాక్వాట్ గడ్డిమందుకు ఉన్నది పసుపు రంగే, కానీ దానికి విరుగుడు లేదు.

విషం ఎంతదో డబ్బా చెబుతుంది. అది మన ఒంట్లోకి ఎంత పోతుందన్నది మనం పని చేసే తీరును బట్టి ఉంటుంది. నీళ్లు కలపని చిక్కటి మందుతోనే ఎక్కువ ప్రమాదం. అది చర్మం గుండా కూడా లోపలికి దిగుతుంది. చేత్తో కలపొద్దు, కర్రతో కలపాలి. రబ్బరు గ్లౌజులు వేసుకోవాలి. గుడ్డ తొడుక్కుంటే అది తడిసి మందును చర్మానికే అంటిపెడుతుంది.

మా సంఘం ఈ తీర్మానాలు చేసుకుంది:

1. కూలికి పిలిస్తే ముందు అడుగుతాం: ఏ మందు, ఏ రంగు, ఎప్పుడు కొట్టారు? మందు కొట్టిన రోజు ఆ చేలోకి దిగం.
2. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఏ రంగు మందూ కలపరు.
3. మందు బట్టలు విడిగా ఉతుకుతాం. ఖాళీ డబ్బాలో నీళ్లు, నూనె పోయం.
4. ఎవరికైనా బాగోలేకపోతే 108కి ఫోన్ చేస్తాం. డబ్బా గానీ, దాని కాగితం గానీ వెంట తీసుకుపోతాం.
5. అదే పురుగుకు తక్కువ విషం మందు ఉందా అని వ్యవసాయ అధికారిని అడిగాకే కొనమని ఇంట్లో చెబుతాం.

మేమొక్కళ్లం అడిగితే, "అయితే వేరే ఊరి కూలీలను పిలుచుకుంటాం" అంటున్నారు. మండలంలో అందరం ఒకే మాట మీద ఉంటే అలా అనలేరు. ఈ తీర్మానాలను సమాఖ్య అన్ని గ్రామ సంఘాలకూ పంపాలని, గ్లౌజులు అందరికీ కలిపి కొనిపించాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.